వాల్వును పట్టి ఉంచే బోల్టు

సముద్రంలోనూ తీరంలోనూ పనిచేసే పెద్ద వాల్వుల్లో ప్రమాదం చాలాసార్లు వాల్వు బాడీతో కాక, బాడీనీ మూతనూ కలిపి బిగించిన బోల్టుతో మొదలవుతుంది. బాడీ మందంగా ఉంటుంది కనుక కొంత తుప్పు తిన్నా తట్టుకుంటుంది. బోల్టుకు ఆ వెసులుబాటు లేదు. బాడీకీ మూతకూ మధ్య ఉండే గాస్కెట్ కదలకుండా బోల్టును కాస్త సాగేంతగా బిగిస్తారు. బతికినన్నాళ్లూ అది ఆ లాగుడులోనే ఉంటుంది.

నెల్లూరు తీరం ఇలాంటి బోల్టులకు గట్టి పరీక్షే. కృష్ణపట్నం దగ్గర నేలటూరులోని శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం తన 800 మెగావాట్ల యూనిట్లను చల్లబరచడానికి సముద్రపు నీటినే వాడుతుంది. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దానికి తోడు ఏడాది పొడవునా ఉప్పు గాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఎండకు నట్టు పైభాగం ఆరినా మరల్లో చేరిన తడి ఆరదు. అక్కడ ఆక్సిజన్ తగ్గి, క్లోరైడ్ పేరుకుని, నీరు ఆమ్లంగా మారుతుంది. పైన రంగు కొత్తగానే కనిపిస్తుండగా లోపల మర మొదళ్లు హరించుకుపోతాయి. స్టెయిన్‌లెస్ వాల్వుకు మామూలు ఉక్కు బోల్టు వేస్తే మరీ అన్యాయం: ఉప్పునీటిలో రెండు లోహాలూ కలిసి బ్యాటరీగా మారి, చిన్నదైన బోల్టే కరుగుతుంది.

ఎక్కువగా వాడే బీ7 రకం స్టడ్ బోల్టు క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు. తుప్పు పట్టకుండా దానికి జింకు పూత వేస్తారు. నీటిలో మునిగే చోట జింకు, అల్యూమినియం దిమ్మెలు బిగించి ముందు వాటినే కరగనిస్తారు. రెండూ అవసరమైన రక్షణలే. చిక్కల్లా హైడ్రోజన్‌తోనే. విద్యుత్తుతో పూత వేసేటప్పుడూ, దిమ్మెలు కాపాడుతున్నప్పుడూ ఉక్కు మీద అది పుడుతుంది. లోహంలోకి దూరి, లాగుడు ఎక్కువున్న చోట చేరి ఉక్కును పెళుసుబారుస్తుంది. ఉక్కు ఎంత గట్టిదైతే ఈ ముప్పు అంత ఎక్కువ.

2012 డిసెంబరులో మెక్సికో సింధుశాఖలో ‘డిస్కవరర్ ఇండియా’ అనే డ్రిల్లింగ్ ఓడ కింద, సముద్ర గర్భంలోని భద్రతా వాల్వుల దొంతర దగ్గర కనెక్టర్ బోల్టులు ఇలాగే విరిగాయి. డ్రిల్లింగ్ ద్రవం సముద్రంలో కలిసింది. జింకు పూత తరువాత హైడ్రోజన్‌ను వెళ్లగొట్టే వేడిమి చికిత్స సరిగా జరగలేదని విచారణలో తేలింది. ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా బోల్టులు మార్చాల్సి వచ్చింది.

అందుకే సముద్రంలో మునిగే బోల్టు కాఠిన్యం రాక్‌వెల్ సి కొలమానంలో సుమారు 35 దాటకుండా చూస్తారు. పూత వేసిన కొద్ది గంటల్లోనే దాదాపు 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి వేడిచేస్తారు. పనిలో ఉన్న బోల్టును విప్పకుండానే దాని కొనకు అల్ట్రాసానిక్ ప్రోబ్ ఆనించి, నట్టు మాటున దాగిన పగులును ప్రతిధ్వనితో పట్టుకుంటారు.