పెత్తందారు లేని పంపకం

పిల్లలూ! మేస్టారు లేని తరగతిలో అల్లరే తప్ప చదువు సాగదని పెద్దలంటారు గదా? కాని, ఒకదాన్నొకటి ఎరగని వేలాది కంప్యూటర్లు, పైన పెత్తందారెవరూ లేకుండానే క్రమంగా పనిచేస్తాయంటే నమ్ముతారా?

సాధారణంగా మనకు కావలసిన ఫైలు సర్వరు అనే ఒక పెద్ద కంప్యూటరులో ఉంటుంది. అందరూ దాన్నే అడగాలి. అంటే, ఊరంతటికీ ఒకటే బావి అన్నమాట! జనం పెరిగితే తొక్కిసలాట. బావి ఎండితే అందరికీ దాహమే.

2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికా ప్రోగ్రామరు బిట్‌టొరెంట్ అనే కొత్త పద్ధతి తెచ్చాడు. ఇందులో పెద్ద ఫైలును చిన్న చిన్న ముక్కలు చేస్తారు. ఒక ముక్క అందుకున్న కంప్యూటరు, తక్కినవాటి కోసం వెతుకుతూనే, తన ముక్కను ఇతరులకు ఇస్తుంది. అందువల్ల అడిగేవారు పెరిగినకొద్దీ ఇచ్చేవారూ పెరుగుతారు! ఏ ఫైలు ఎవరి దగ్గర ఉందో చెప్పడానికి మొదట ట్రాకరు అనే కంప్యూటరు అవసరమయ్యేది. 2005 నుంచి ఆ చిరునామాల చిట్టాను కూడా కంప్యూటర్లే తలా కొంత దాచుకునే వీలు కలిగింది.

మరి, తీసుకోవడమే గాని ఇవ్వడం ఎరగని లోభి వస్తే? అందరూ అలాగే చేస్తే పంపకమే ఆగిపోతుంది. దండించడానికి పైన ఎవరూ లేరాయె! అందుకే ప్రతి కంప్యూటరూ నియమాలను తన దగ్గరే ఉంచుకుంటుంది.

మొదటిది: తనకు ఎవరు బాగా ఇస్తున్నారో వారికే తానూ ఇస్తుంది. సుమారు 10 సెకండ్లకొకసారి ఈ లెక్క సరిచూసుకుంటుంది.

రెండవది: కొత్తగా వచ్చినవాడి చేతిలో ఇవ్వడానికేమీ ఉండదు, పాపం! అందుకని సుమారు 30 సెకండ్లకొకసారి, ఏమీ ఆశించకుండా ఎవరో ఒకరికి అవకాశమిస్తుంది.

మూడవది: ఏ ముక్క తక్కువమంది దగ్గర ఉందో దాన్నే ముందు తీసుకుంటుంది. అప్పుడు ఆ ముక్క అంతరించిపోదు.

నాలుగవది: ఎవరిచ్చినా గుడ్డిగా నమ్మదు. ప్రతి ముక్కకూ వేలిముద్రవంటి గుర్తు ఒకటి ముందే తెలిసి ఉంటుంది. అది కలవకపోతే ముక్కను పారేసి, మళ్ళీ తెచ్చుకుంటుంది.

లినక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరును ఈ దారినే ఎందరో పొందుతున్నారు. అయితే, ఒకరి పాటలనూ సినిమాలనూ వారి అనుమతి లేకుండా ఇలా పంచడం తప్పు, చట్టమూ ఒప్పదు. యంత్రానికి ముక్కలు సరిచూడడమే తెలుసు. సొత్తు ఎవరిదో చూసుకోవలసింది మనం.

ఈ నాలుగు నియమాల్లో ఏ ఒక్కటి తీసేసినా ఏమవుతుందో, మీ అమ్మానాన్నలతో కూర్చుని ఆలోచించండి. ముందు రెండవదానితో మొదలుపెట్టండి!