పాట తెలుగే... రాతే తమిళం

హోసూరు: బెంగళూరులో ఉద్యోగం చేసే మన హోసూరు కుర్రాడొకడు శ్రీరామనవమి రోజుల్లో ఆఫీసు వదలగానే ఇంటికి రాడు. నేరుగా చామరాజపేట ఫోర్ట్ హైస్కూలు మైదానానికే. 1939లో పుట్టిన శ్రీరామ సేవా మండలి కచేరీలు అక్కడే. పక్కనున్న కన్నడ పెద్దాయన త్యాగరాజ కృతికి అర్థం అడిగితే ఠక్కున చెప్పేస్తాడు. రాసిమ్మంటేనే తంటా! 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి మొదలుకొని ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అయింది. ఆ వరసలో చదివినవాడే ఇతను. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. సెల్‌ఫోన్లో కృతులన్నీ తమిళ లిపిలోనే దాచుకున్నాడు.

హోసూరుకు దాదాపు 40 కిలోమీటర్లు. తని ఆవర్తనం మధ్యలో లేస్తే పెద్దలు గుర్రుమంటారు. బస్సు ఆగదు కదా! ఎక్కగానే ఇంటికి ఫోను: ‘‘వస్తా ఉండా మా, అన్నం మూతపెట్టు.’’