పాతిక కోట్ల స్టార్‌ను కొనాలా, వద్దా?

ఐపీఎల్ దగ్గర పడితే చాలు, కోల్‌కతాలో ప్రతి ఆఫీసు క్యాంటీనూ ఓ సెలక్షన్ కమిటీ అయిపోతుంది. మా ఆఫీసూ అంతే. ఫోన్లో ఫాంటసీ లీగ్ తెరిచి ఎవరికి వారు ఓ జట్టు కట్టుకుంటారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అంతకు ముందే ఆ పని చేశాయి. కాబట్టి మాది పైసా పందెం లేని ఆట. ఓడినవారికి మిగిలేది భోజనాల దగ్గర వెక్కిరింతలే. అయినా ప్రతి ఏడూ ఒకే ప్రశ్న దగ్గర అందరూ ఆగిపోతారు. బడ్జెట్‌లో పెద్ద ముక్క మింగేసే స్టార్‌ను తీసుకోవాలా, లేక ఆ సొమ్ముతో నలుగురు నికరమైన ఆటగాళ్లను తెచ్చుకోవాలా?

ఈ ప్రశ్నను నిజం డబ్బుతో ఎదుర్కొన్న జట్టు మా ఊళ్లోనే ఉంది. కోల్‌కతా నైట్ రైడర్స్ పద్దులు తిరగేస్తే మనలాంటి లెక్కల మనుషులకు బోలెడు సరుకు దొరుకుతుంది.

2023 డిసెంబరు 19న దుబాయ్‌లో వేలం జరిగింది. కేకేఆర్ చేతిలో ఉన్నది రూ.32.70 కోట్లు, నింపాల్సిన ఖాళీలు 12. మిచెల్ స్టార్క్ కనీస ధర రూ.2 కోట్లు. గుజరాత్ టైటాన్స్‌తో పోటీపడి, చివరికి రూ.24.75 కోట్లకు కేకేఆర్ అతన్ని దక్కించుకుంది. చేతిలోని సొమ్ములో మూడు వంతులు ఒక్క మనిషి మీదే పోయింది. ఆ పైన సీజన్ మొదలయ్యాక తొలి రెండు మ్యాచ్‌లలో స్టార్క్ ఎనిమిది ఓవర్లు వేసి సరిగ్గా వంద పరుగులిచ్చాడు. వికెట్ ఒక్కటీ లేదు. కేకేఆర్ తరఫున అతనికి మొదటి వికెట్లు దక్కింది మన విశాఖపట్నంలో, మూడో మ్యాచ్‌లో.

ఆ విశాఖ మ్యాచ్‌లో కేకేఆర్ 272 పరుగులు చేసింది. 27 బంతుల్లో 54 కొట్టిన అంగ్‌క్రిష్ రఘువంశీని అదే దుబాయ్ వేలంలో రూ.20 లక్షలకు కొన్నారు. నా దృష్టిలో స్టార్క్ కథ నిజంగా మొదలయ్యేది ఈ కుర్రాడి దగ్గరే. ఆ ఏడాది కేకేఆర్ జట్టులో ఎవరి ధర ఎంతో చూడండి. 21 వికెట్లు తీసిన వరుణ్ చక్రవర్తికి రూ.8 కోట్లు. 488 పరుగులు చేసి, స్టార్క్‌తో సమానంగా 17 వికెట్లూ తీసిన సునీల్ నరైన్‌కు రూ.6 కోట్లు. 19 వికెట్లు తీసిన హర్షిత్ రాణాకు రూ.20 లక్షలు. రింకూ సింగ్‌కు రూ.55 లక్షలు. గాయపడినవారి స్థానంలో కాదు గానీ, తప్పుకున్న జేసన్ రాయ్ బదులు వచ్చి 435 పరుగులు చేసిన ఫిల్ సాల్ట్‌కు రూ.1.50 కోట్లు.

మన భాషలో చెప్పాలంటే వీళ్లంతా ఆ జట్టుకు కాసా డిపాజిట్లు. తక్కువ ఖర్చుతో వచ్చిన నిధులు అడుగున దండిగా ఉన్న బ్యాంకు, ఒకచోట కాస్త ఖరీదైన బల్క్ డిపాజిట్ తీసుకున్నా మార్జిన్ నిలబడుతుంది. కేకేఆర్ అలాగే నిలబడింది. లీగ్ దశ అంతా మిగతావాళ్లు మోశారు. తర్వాత సన్‌రైజర్స్‌తో మొదటి క్వాలిఫయర్‌లో స్టార్క్ ట్రావిస్ హెడ్‌ను సున్నాకే బౌల్డ్ చేసి 3 వికెట్లు తీశాడు. మే 26న చెన్నైలో జరిగిన ఫైనల్‌లో మొదటి ఓవర్లోనే అభిషేక్ శర్మ స్టంప్స్ లేపేశాడు, 14 పరుగులకే 2 వికెట్లు. రెండు మ్యాచ్‌లలోనూ ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్ అతనే. సన్‌రైజర్స్ 113కే ఆలౌట్, కప్పు కోల్‌కతాకు. (హైదరాబాద్ అభిమానులు మన్నించాలి. ఆ రాత్రి ఈ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లం సగం మందిమి నవ్వలేక, ఏడవలేక కూర్చున్నాం.)

ఇక మరుసటి ఏడు. జట్టు పర్సు రూ.100 కోట్ల నుంచి రూ.120 కోట్లకు పెరిగింది. కానీ రింకూ రూ.13 కోట్లు, నరైన్ రూ.12 కోట్లు, వరుణ్ రూ.12 కోట్లు, హర్షిత్, రమణ్‌దీప్ చెరో రూ.4 కోట్లు అయ్యారు. అంతకు ముందు ఈ అయిదుగురికీ కలిపి అయింది రూ.14.95 కోట్లు, ఇప్పుడు రూ.45 కోట్లు. పర్సు 20 కోట్లు పెరిగితే, ఆ అయిదుగురి ఖర్చే 30 కోట్లు పెరిగింది. చౌక నిధులన్నీ ఒకేసారి కొత్త వడ్డీకి మారిపోయాయన్నమాట. అలాంటి సమయంలో జెడ్డా వేలంలో చేతిలో ఉన్న రూ.51 కోట్లలో రూ.23.75 కోట్లు వెంకటేశ్ అయ్యర్ మీద పెట్టారు. శాతం లెక్కన స్టార్క్ అప్పటికంటే ఇది తక్కువే. కానీ ఈసారి అడుగున మెత్త లేదు. వెంకటేశ్ 11 మ్యాచ్‌లలో 142 పరుగులు చేశాడు, జట్టు ఎనిమిదో స్థానంలో ఆగింది. తప్పంతా అతని నెత్తిన వేయడం అన్యాయం. అంత ధర అడిగింది అతను కాదు.

ధర అనేది ఆ రోజు వేలం గదిలో ఉన్న ఆత్రానికి కొలత. ప్యాట్ కమిన్స్‌ను 2019 డిసెంబరులో ఇదే కోల్‌కతాలో జరిగిన వేలంలో కేకేఆర్ రూ.15.50 కోట్లకు కొంది, 2022లో అతన్నే రూ.7.25 కోట్లకు మళ్లీ కొంది. కప్పు గెలిపించిన స్టార్క్ మరుసటి వేలంలో ఢిల్లీకి రూ.11.75 కోట్లకే దొరికాడు. వెంకటేశ్ రూ.7 కోట్లకు బెంగళూరు చేరాడు. అన్నట్టు, 2018లోనూ స్టార్క్‌ను కేకేఆర్ రూ.9.40 కోట్లకు కొంది. గాయం వల్ల ఆ సీజన్‌లో ఒక్క మ్యాచూ ఆడలేదు.

రిస్క్ విభాగం మిత్రులు ఇక్కడ చెయ్యెత్తుతారని తెలుసు. ఒక్క రుణగ్రహీతకు మన టైర్-1 మూలధనంలో మామూలుగా 20 శాతం దాటి ఇవ్వకూడదని ఆర్‌బీఐ నిబంధన. స్టార్క్ ధర జట్టు మొత్తం పర్సులో 24.75 శాతం. మన దగ్గరైతే ఆ ఫైలు కదిలేది కాదు. అయితే ఒక తేడా ఉంది. అప్పు ఎంత బాగా తీరినా మనకు వచ్చేది అసలు, వడ్డీ అంతే. అంతకు మించి లాభం లేని చోట పరిమితి కఠినంగా ఉండాల్సిందే. క్రికెట్‌లో ఒక్క స్పెల్ కప్పు తెచ్చిపెట్టవచ్చు. అక్కడ ఆ పరిమితి కాస్త సడలించవచ్చని నా అభిప్రాయం, అది కూడా ఒక్కరి విషయంలోనే.

ఆ ఒక్కరు ఎందుకో ఫాంటసీ జట్టులో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఊహా లెక్క ఒకటి వేద్దాం. 10.5 క్రెడిట్ల స్టార్ 60 పాయింట్లు తెస్తాడు, అతనితో పాటు మిగిలిన సొమ్ముకు దొరికే 7 క్రెడిట్ల ఆటగాడు 20 తెస్తాడు. మొత్తం 17.5 క్రెడిట్లకు 80 పాయింట్లు. అదే 17.5 క్రెడిట్లతో 9.5 వాడిని (48), 8 వాడిని (40) తీసుకుంటే 88. స్టార్ ఓడిపోయాడు. ఇప్పుడు కెప్టెన్‌కు పాయింట్లు రెట్టింపు అనే నియమం కలపండి. మొదటి జంట 140, రెండో జంట 136. స్టార్ గెలిచాడు. అంటే స్టార్‌కు కట్టే అదనపు ధర ఆ రెట్టింపు కోసమే. రెట్టింపు ఒక్కరికే కాబట్టి రెండో స్టార్‌కు అదే లెక్క పనికిరాదు. మా ఆఫీసులో ఏటా అడుగున తేలేవి ముగ్గురు నలుగురు పెద్ద పేర్లు, మిగతా ఏడెనిమిది మంది డగౌట్‌లో కూర్చునేవాళ్లు ఉన్న జట్లే.

ఈ కసరత్తును ఆస్ట్రేలియా వాళ్లు తమ ఫుట్‌బాల్ ఫాంటసీలో ఇంకా దూరం తీసుకెళ్లారు. అక్కడ ఆటగాడి ధర చాలావరకు గత సీజన్ సగటును బట్టి ఉంటుంది, ఆడే తీరును బట్టి సీజన్‌లోనే మారుతుంది. స్టార్ ధర ఇప్పటికే శిఖరాన ఉంటుంది గనక పెరగడానికి చోటు తక్కువ. చౌకగా వచ్చిన కొత్త కుర్రాడు నాలుగు మ్యాచ్‌లు బాగా ఆడితే ధర ఎగబాకుతుంది. అతన్ని వదిలి, వచ్చిన సొమ్ముతో మరో స్టార్‌ను తెచ్చుకుంటారు. మధ్య ధరవాళ్ల జోలికి పోకుండా అయితే స్టార్లు, కాకుంటే కుర్రాళ్లు అన్న ఈ పద్ధతికి ‘గన్స్ అండ్ రూకీస్’ అని పేరు.

2025 డిసెంబరులో అబుదాబి వేలానికి కేకేఆర్ రూ.64.30 కోట్లతో వెళ్లింది. కామెరాన్ గ్రీన్‌కు రూ.25.20 కోట్లు పెట్టింది. విదేశీ ఆటగాళ్లకు విధించిన పరిమితి వల్ల అతని చేతికి వచ్చేది రూ.18 కోట్లే అయినా, పర్సులోంచి మొత్తం పోతుంది. పతిరానకు మరో రూ.18 కోట్లు. ఇద్దరికే మూడింట రెండు వంతులు అయిపోయాయి. క్యాంటీన్‌లో గ్రీన్ ఎన్ని పరుగులు చేస్తాడా అని వాదన నడుస్తోంది. నేను మాత్రం జాబితాలో కింద నుంచి పైకి చదువుతున్నాను, ఈసారి హర్షిత్, రఘువంశీల్లాంటి కుర్రాడు ఎవరున్నారా అని.