బొంతకు కూలి లెక్క కట్టారా?

రబీ పంట ఇంటికి చేరి కళ్లం ఊడ్చేశాక, మృగశిర కార్తె వచ్చేదాకా పల్లెల్లో ఆడవాళ్లకు కాస్త తీరిక దొరుకుతుంది. అటక మీది పాత చీరల మూట కిందికి దిగేది అప్పుడే. మధ్యాహ్నం ఎండ వేళ వసారాలో ఇద్దరు ముగ్గురు కూర్చుని బొంతలు కుడుతుంటారు. ఇంట్లోవాళ్లకు సరిపోను కుట్టుకున్నాక ఒకటో రెండో మిగిలితే ఎవరైనా అడిగితే ఇచ్చేస్తారు. ఎంతకు ఇస్తున్నారు? చిక్కంతా అక్కడే ఉంది.

ఈ మధ్య ఒక ఊళ్లో చూసిన సంగతి. రెండెకరాల మెట్ట సాగు చేసుకునే ఇల్లు. మోటారు సైకిలు మీద ఒక వ్యాపారి వచ్చి మూడు బొంతలు తిరగేసి చూసి, ఒక్కోటి 400 రూపాయలకు ఇమ్మన్నాడు. "పాత బట్టలే కదమ్మా, ఇందులో మీకు పెట్టుబడి ఏముంది?" అన్నాడు. ఆ ఇల్లాలికి ఏం జవాబు చెప్పాలో తోచలేదు. మూడు బొంతలకు 1200 వస్తే ఒక బస్తా ఎరువుకో, పిల్లల పుస్తకాలకో ఆసరా అవుతుంది కదా అనుకుంది. "ఇవ్వొచ్చా అన్నా?" అని మమ్మల్ని అడిగింది. అక్కడే కూర్చుని లెక్క వేశాం. ఆ లెక్కే ఇది.

పాత చీరకు ధర లేదా?

ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉన్న బొంత ఇద్దరు పడుకోవడానికి సరిపోతుంది. మామూలు ఆరు గజాల నూలు చీరను కోసి అతికితే ఈ కొలతలో ఇంచుమించు రెండు పొరలు వస్తాయి. ఎనిమిది పొరల బొంతకు నాలుగు చీరలు కావాలి. పాత చీరలు ఊరికే వచ్చాయనుకుంటాం గానీ, అవే చీరలకు స్టీలు సామాన్లవాడు గిన్నో పళ్లెమో ఇచ్చిపోతాడు. అంటే వాటికి ధర ఉన్నట్టే. ఒక్కోటి 50 రూపాయల చొప్పున నాలుగింటికి 200 వేశాం. మీ ఊళ్లో ఎంత పలుకుతుందో అంతే వేసుకోండి. లావు దారానికి 60, సబ్బు, సూదులు వగైరాలకు 40. మొత్తం 300 రూపాయలు.

ఇక కష్టం. అంగుళంన్నరకు ఒక వరస చొప్పున కుడితే అయిదడుగుల వెడల్పుకు 40 వరసలు పడతాయి. వరస ఏడడుగులు. అంటే మొత్తం 280 అడుగుల పొడవున సూది నడవాలి. ఎనిమిది పొరల్లోంచి సూది దిగి పైకి రావాలంటే చేయి తిరిగిన మనిషికైనా వరసకు ఇరవై నిమిషాలు పడుతుంది. నలభై వరసలకు పదమూడు గంటల పైమాటే. చీరలు ఉతకడం, చిరుగులు పోను కోయడం, ముక్కలు అతకడం, పొరలు పరిచి టాకాలు వేయడం, చివరికి అంచు కట్టడం - వీటికి ఇంకో పన్నెండు, పదమూడు గంటలు. మొత్తం 26 గంటలు అనుకుందాం.

2024-25లో ఉపాధి హామీ పనికి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రకటించిన కూలి రోజుకు 300 రూపాయలు. ఎనిమిది గంటల పనిదినం లెక్కన గంటకు 37 రూపాయల 50 పైసలు. 26 గంటలకు 975. సరుకు 300 కలిపితే బొంత అసలు ఖర్చు 1275 రూపాయలు. ఇందులో లాభం అనేది ఇంకా లేదు.

వ్యాపారి ఇస్తానన్న 400లోంచి సరుకు ఖర్చు 300 తీసేస్తే మిగిలేది వంద. ఇరవై ఆరు గంటల కష్టానికి వంద! గంటకు నాలుగు రూపాయలు కూడా పడలేదు. ఈ మాట చెప్పగానే పక్కన కూర్చున్న ముసలమ్మ "కూలికి పోయినా ఇంతకన్నా నయమే" అంది.

అయితే 1275 అడగాలా?

అడగొచ్చు. కానీ అడిగినంతా వస్తుందని మేం చెప్పలేం. బజారులో 400కే పాలిస్టరు దుప్పటి దొరుకుతుంటే కొనేవాడు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. సంవత్సరాల లెక్కన చూసినా బొంతే చవక అని గట్టిగా అనలేం. 400 దుప్పటి మూడేళ్లు వస్తే ఏడాదికి 133 రూపాయలు. 1275 బొంత ఎనిమిదేళ్లు వస్తే ఏడాదికి దాదాపు 160. చిరిగినచోట అతుకు వేసుకుంటూ, పైన కొత్త పొర కుట్టుకుంటూ పోతే ఇంకా మన్నుతుంది, అది వేరే సంగతి. మెత్తన, ఒంటి చెమట పీల్చుకోవడం, పసిపిల్లల ఒంటికి ఒరుసుకోకపోవడం - ఇవి పాత నూలు గుడ్డ గుణాలు. పాలిస్టరు దుప్పటికి రావు. ఆ గుణం తెలిసినవాళ్లే మీ కొనుగోలుదార్లు.

ఇంకో సంగతీ చూసుకోవాలి. మిరప కోతలో, పత్తి తీతలో కూలి దొరికే రోజుల్లో బొంత ముందు కూర్చోవడం నష్టం. పని లేని రోజుల్లో కుట్టినదానికి పూర్తి కూలి రాకపోయినా చేతికి ఎంతో కొంత మిగిలినట్టే. కానీ ఎంత తగ్గినా 700కు కిందికి దిగవద్దని మా సలహా. 700కు ఇచ్చినా సరుకు పోను గంటకు 15 రూపాయలే పడుతుంది. అంతకంటే తక్కువకు అమ్మేకన్నా ఇంట్లో కప్పుకోవడం మేలు.

చిన్న బొంతల్లో బేరం నయం. మూడడుగులు, రెండడుగుల పసిపిల్లల బొంతకు నాలుగు పొరలు చాలు. చీరలో మూడో వంతు సరిపోతుంది. గుడ్డ, దారం కలిపి 40 రూపాయలు. అంగుళానికో వరస వేసినా ఆరు గంటల్లో అయిపోతుంది. కూలితో సహా 265. పురిటి ఇళ్లవాళ్లు ఈ ధరకు పెద్దగా బేరమాడరు. పెద్ద బొంతకు ఒకేసారి వెయ్యి పైన తీసిచ్చేవాళ్లు పల్లెలో తక్కువ.

ముక్కలు అతికే పని మటుకు కుట్టు మిషను మీద చేసుకుంటే మూడు నాలుగు గంటలు కలిసి వస్తాయి. పొరలన్నీ కలిపి కుట్టడానికి మామూలు మిషను పనికిరాదు, సూది విరుగుతుంది.

గుడ్డ ఎంపికలోనే సగం విలువ

నూలు, పాలిస్టరు కలిపి కుట్టిన బొంతకు మంచి ధర రాదు. అనుమానం ఉంటే చీర అంచులోంచి ఒక పోగు లాగి వెలిగించండి. నూలైతే కాగితంలా కాలి బూడిద అవుతుంది. పాలిస్టరైతే కరిగి నల్లని ఉండ కడుతుంది. గుడ్డలన్నీ కోయకముందే ఉతికి ఎండబెట్టాలి. ఉతకని గుడ్డ ఒకటి కలిసినా తర్వాత అది ముడుచుకుపోయి బొంత గుంటలు పడుతుంది. రంగు దిగే చీరను కనిపెట్టాలంటే తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. రంగు అంటితే దాన్ని బొంతలో కలపవద్దు. గట్టి గుడ్డ పైకీ కిందకీ, నలిగిన గుడ్డ నడుమకు. కొంగులు, అంచులు పారేయకుండా పై పొరలో చుట్టూ వేస్తే అందం. టాకాలు వేయకుండా కుట్టు మొదలుపెడితే పొరలు జరిగి ఒక మూల వంకర పోతుంది. దాన్ని విప్పడం కుట్టడంకన్నా కష్టం.

పాత చీరలతో కుట్టే పని మనదొక్కటే కాదు. మరాఠీవాళ్లు గోధడి అంటారు, ఉత్తర కర్ణాటకలో కౌదీ. బీహారు సుజినీకి 2006లో, బెంగాలు నక్షీ కాంథాకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లె కథ ఇంకా చిత్రం. అక్కడివాళ్లు బానిసత్వంలో మగ్గినవారి సంతతి, పత్తి చేలల్లో కౌలుకు బతికినవాళ్లు. చేలో చిరిగిన పని బట్టలతోనే బొంతలు కుట్టుకునేవారు. ఆ ప్రాంతం ఆడవాళ్లు 1966లో సహకార సంఘం పెట్టుకుని అమ్మకం మొదలుపెట్టారు. 2002లో ఆ బొంతలను హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీసి చూపించారు. 2006లో తపాలా బిళ్లల మీదికీ ఎక్కాయి. మన బొంత రేపే మ్యూజియం ఎక్కుతుందని కాదు. పాత గుడ్డ అయినంత మాత్రాన ధర లేకుండా పోదని చెప్పడానికే ఇది.

అమ్మేవాళ్లు ఒక చిన్న పుస్తకం పెట్టుకోవాలి. ఏ రోజు ఎన్ని గంటలు కూర్చున్నారో, ఎన్ని చీరలు పట్టాయో రాసుకుంటే బేరం దగ్గర నోరు తడబడదు. చదువుకునే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లే రాసిపెడతారు. నలుగురు కలిసి కుట్టినప్పుడు ఎవరి గంటలు వాళ్లవి విడిగా రాయాలి. లేకపోతే డబ్బు పంచుకునేటప్పుడు మాట పడాల్సి వస్తుంది.

ఆ ఇల్లాలు వ్యాపారికి 1100 చెప్పింది. అతను నవ్వి, బండి తీసుకుని వెళ్లిపోయాడు. రెండు వారాలకు మండల కేంద్రంలో ఉండే ఒక టీచరమ్మ కూతురి పురిటికని వచ్చి ఒకటి 950కి తీసుకుంది. రెండోది మంచం మీదే ఉంది. మూడోదాని పై పొరలో వాళ్లమ్మ చీర ఉంది. దాని ధర ఆమె ఎవరికీ చెప్పలేదు.