పరదృశ్యం, స్వీయదృశ్యం: విద్యార్థి వీడియో కళలో సమస్యాపూరణ న్యాయం

వ్యాససంగ్రహం:

ఇతరులు చిత్రీకరించిన దృశ్యాలను, తాను చిత్రీకరించిన దృశ్యాలను కలిపి కూర్చే వీడియో కృతులు నేడు కళా, మాధ్యమ విభాగాల విద్యార్థుల ప్రాజెక్టులలో తరచుగా కనిపిస్తున్నాయి. వీటిలో స్వంతమేది, అపహరణమేది అని నిర్ణయించే ప్రమాణం అధ్యాపకులకు స్పష్టంగా లేదు. తెలుగు అవధాన ప్రక్రియలోని సమస్యాపూరణం, సంస్కృత ఆలంకారికుల హరణ విచారం ఈ ప్రమాణాన్ని ఏర్పరచుకోవడానికి ఎలా తోడ్పడతాయో, ఎక్కడ చాలవో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వీడియో కళ, పరదృశ్యం, స్వీయదృశ్యం, సమస్యాపూరణం, హరణం, కూర్పు, అనుమతి.

1. ఉపోద్ఘాతం:

పరిశోధన రచనలో గ్రంథచౌర్యాన్ని గుర్తించడానికి విశ్వవిద్యాలయాల్లో ఒక కొలమానం ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో జారీ చేసిన నిబంధనల ప్రకారం 10 శాతం వరకు సారూప్యత స్వల్పమైనదిగా పరిగణింపబడుతుంది, దానికి శిక్ష లేదు. ఈ లెక్కను వీడియో కళకు వర్తింపజేస్తే చిక్కు వస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు వీడియో కళలో ప్రసిద్ధమైన కొన్ని కృతులు దాదాపు పూర్తిగా ఇతరుల దృశ్యాలతో నిర్మితమైనవి. అంతా తానే చిత్రీకరించినా, కొత్తగా ఏమీ చెప్పని విద్యార్థి కృతులూ ఉంటాయి. కాబట్టి ఎంత తీసుకున్నాడన్న ప్రశ్న ఇక్కడ ముఖ్యం కాదు. తీసుకున్నదానికి ఎదురుగా ఏమి నిలబెట్టాడన్నదే చూడాలి.

ఈ వ్యాసంలో ఇతరులు వేరొక ప్రయోజనం కోసం చిత్రీకరించిన దానిని 'పరదృశ్యం' అని, కృతికర్త స్వయంగా చిత్రీకరించిన దానిని 'స్వీయదృశ్యం' అని వ్యవహరించడం జరిగింది.

2. పరదృశ్య వినియోగం - పూర్వరంగం:

పరదృశ్య వినియోగం వీడియో కంటే పాతది. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసినట్లు పుడోవ్కిన్ వివరించిన ప్రయోగంలో, నటుడు మొజూఖిన్ ముఖాన్ని చూపే ఒకే దృశ్యఖండాన్ని వేర్వేరు దృశ్యాల పక్కన అతికించారు. ముఖం మారలేదు. పక్కన ఉన్న దృశ్యం మారినప్పుడల్లా ప్రేక్షకులు ఆ ముఖంలో వేర్వేరు భావాలను చదివారు. ఆ ముఖం కూడా అంతకు ముందే ఉన్న చిత్రాల నుంచి తీసుకున్నదే.

ఎస్ఫిర్ షూబ్ 1927లో కూర్చిన 'రొమానొవ్ రాజవంశ పతనం' అనే చిత్రానికి జారు కుటుంబపు సొంత చిత్రాలు, నాటి వార్తాచిత్రాలు మూలం. తమ వైభవాన్ని దాచుకోవడానికి తీయించుకున్న దృశ్యాలే ఆమె కూర్పులో వారిపై అభియోగపత్రంగా మారాయి. అమెరికన్ కళాకారుడు జోసెఫ్ కార్నెల్ 1936లో, 'ఈస్ట్ ఆఫ్ బోర్నియో' అనే 1931 నాటి హాలీవుడ్ చిత్రాన్ని కత్తిరించి, కథను దాదాపు తొలగించి, నటి కనిపించే ఘట్టాలను ప్రధానంగా నిలిపి 'రోజ్ హోబర్ట్' కూర్చాడు. దానిని నీలి రంగు గాజు గుండా, వేగం తగ్గించి ప్రదర్శించాడు. 1978-79లో డారా బర్న్‌బామ్ 'వండర్ వుమన్' టెలివిజన్ ధారావాహికలో నాయిక గిర్రున తిరిగి వీరనారిగా మారే క్షణాన్ని పదేపదే పునరావృతం చేసి వీడియో కృతిని రూపొందించింది. ఒక్కసారి చూస్తే అద్భుతంగా తోచే ఆ మార్పు, పలుమార్లు చూసేసరికి ఆమె బయటపడలేని యాంత్రిక చర్యగా కనిపిస్తుంది.

3. ఆలంకారికుల హరణ విచారం:

ఇతరుల సొమ్మును కవి ఎంతవరకు తీసుకోవచ్చు అన్న ప్రశ్న భారతీయ కావ్యశాస్త్రానికి కొత్తది కాదు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగవ ఉద్ద్యోతంలో కావ్యాల మధ్య సంవాదాన్ని మూడు విధాలుగా విభజించాడు. ప్రతిబింబం వంటిది మొదటిది, చిత్తరువు వంటిది రెండవది. ఈ రెండూ త్యాజ్యాలు. మూడవది, రూపంలో పోలిక ఉన్నా తనదైన ప్రాణం కలిగిన మరొక దేహి వంటిది. దానిని కవి విడిచిపెట్టనక్కరలేదు.

రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ విచారాన్ని విస్తరించి, శబ్దహరణ, అర్థహరణ భేదాలను చర్చించి, 'పరపురప్రవేశసదృశం' అనే నాల్గవ విధాన్ని చేర్చాడు. మూలం ఒకటే అయినా దాని చుట్టూ అల్లిన నిర్మాణం పూర్తిగా వేరుగా ఉండటం దీని లక్షణం. పరకాయప్రవేశం వలె దేహం పాతది, అందులో ఉన్నవాడు కొత్తవాడు. బర్న్‌బామ్ కృతిలో నటి దేహం, దుస్తులు, కెమెరా కోణం అన్నీ టెలివిజన్‌వే. వాటిని నడిపే ఆలోచన మాత్రం బర్న్‌బామ్‌ది. ఈ నాలుగు విధాలూ విద్యార్థి కృతిని తూచే తొలి త్రాసుగా ఉపకరిస్తాయి. అయితే స్వీయదృశ్యం ఏమి చేయాలో ఇవి నేరుగా చెప్పవు. ఆ సంగతిని అవధాన ప్రక్రియ చెబుతుంది.

4. సమస్యాపూరణం - కూర్పు మార్గాలు:

సమస్యాపూరణంలో పృచ్ఛకుడు ఒక పద్యపాదాన్ని ఇస్తాడు. అది తరచుగా అసంగతంగానో, అనుచితంగానో ఉంటుంది. అవధాని దానిలో ఒక్క అక్షరం మార్చకుండా మిగిలిన పాదాలను చెప్పి, అసంగతాన్ని సంగతం చేస్తాడు. ఇచ్చిన పాదం తనది కాకపోయినా పద్యం అవధానిదే అవుతుంది. పరదృశ్యాన్ని సమస్యగా, స్వీయదృశ్యాన్ని పూరణగా భావిస్తే అవధానులు అనుసరించే మూడు ప్రధాన మార్గాలకు వీడియో కూర్పులో సమానమైనవి కనిపిస్తాయి.

4.1 పదచ్ఛేదం: ఇచ్చిన పాదాన్ని వేరొకచోట విరిచి, లేదా ముందు పాదం చివరి అక్షరాన్ని దానికి చేర్చి కొత్త అర్థం సాధించడం ఈ మార్గం. వీడియోలో ఇది కోత స్థానాన్ని మార్చడం. నాయిక మార్పుకు ముందువెనుకల కథను తెంచి, ఆ తిరుగుడును మాత్రమే పునరుక్తి చేయడం ఈ కోవకు చెందుతుంది.

4.2 క్రమాలంకారం: సమస్యలోని పొంతనలేని పదాలకు ముందు పాదాలలో విడివిడిగా ప్రశ్నలు కల్పించి, సమస్యను వాటికి వరుస జవాబుగా మార్చడం ఈ మార్గం. షూబ్ చిత్రంలో ఓడపై నాట్యమాడి చెమటోడ్చే కులీనుల దృశ్యం వెంట, శ్రమతో చెమటోడ్చే పనివారి దృశ్యం వస్తుంది. రెండూ పరదృశ్యాలే. వాటి నడుమ షూబ్ రాసిన శీర్షిక ప్రశ్నగా నిలిచి రెండింటినీ ముడివేస్తుంది.

4.3 వక్తృకల్పన: అనుచితమైన మాటను ఒక పాత్ర నోట పెట్టి, ఆ సందర్భంలో దానిని ఉచితం చేయడం మూడవ మార్గం. వీడియోలో ఇది నేపథ్య కథనం. దృశ్యాన్ని ఎవరు చూస్తున్నారో, ఎవరికి చెబుతున్నారో మారితే దృశ్యార్థం మారుతుంది.

పూరణకు ఒక నియమం ఉంది. సమస్యకు చెందిన ఛందస్సులోనే అవధాని పూరించాలి. దీనికి సమానంగా, స్వీయదృశ్యం చిత్రీకరించే ముందు విద్యార్థి పరదృశ్యపు నడకను అభ్యసించాలి. దాని చట్రం వెడల్పు, కెమెరా ఎత్తు, ఒక్కొక్క దృశ్యం నిలిచే వ్యవధి, వెలుతురు వచ్చే దిక్కు గమనించాలి. ఆ నడకను పాటించడమో, కావాలని భంగపరచడమో తర్వాతి నిర్ణయం. గమనించకుండా అతికించినది మాత్రం గణభంగమైన పద్యంలా వినిపిస్తుంది.

5. విద్యార్థి లోకం నుంచి ఒక ఉదాహరణ:

పాయల్ కపాడియా పుణెలోని భారతీయ ఫిల్మ్, టెలివిజన్ సంస్థ పూర్వ విద్యార్థిని. 2015లో అక్కడి విద్యార్థులు 139 రోజులు సమ్మె చేశారు. ఆ అనుభవ నేపథ్యం నుంచి పుట్టిన 'ఎ నైట్ ఆఫ్ నోయింగ్ నథింగ్' 2021లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ డాక్యుమెంటరీకి ఇచ్చే 'గోల్డెన్ ఐ' పురస్కారం పొందింది. ఇందులో పరదృశ్యాలు అనేకం: ఇతరులు తీసిన నిరసన దృశ్యాలు, కుటుంబాలు దాచుకున్న ఇంటి చిత్రాలు, పత్రికా కత్తిరింపులు, 2019 డిసెంబరులో జామియా మిలియా గ్రంథాలయంలోకి పోలీసులు ప్రవేశించినప్పటి నిఘా కెమెరా దృశ్యం. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 2016 జనవరిలో రోహిత్ వేముల మరణం తర్వాత చెలరేగిన విద్యార్థి ఉద్యమం కూడా ఈ చిత్ర ప్రస్తావనలలో ఉంది.

వీటన్నిటినీ కలిపి ఉంచే సూత్రం కల్పితం. హాస్టల్ గదిలో దొరికినట్లు చెప్పబడే ఉత్తరాలను, 'ఎల్' అనే విద్యార్థిని తన ప్రియుడికి రాసింది. కులం కారణంగా అతని కుటుంబం ఆ ప్రేమను అంగీకరించలేదు. ఇది వక్తృకల్పన మార్గమే. వార్తలలో గుంపుగా కనిపించిన విద్యార్థులు, ఆ ఉత్తరాల గొంతు తోడు కాగానే, ప్రేమించి, భయపడి, ఎదురుచూసే వ్యక్తులుగా కనిపిస్తారు. గదులు, నిద్ర, నాట్యం వంటి నిత్యజీవిత దృశ్యాలు ఉద్యమ దృశ్యాలకు పూరణగా నిలుస్తాయి. చిత్రం చాలా భాగం నలుపు తెలుపుల్లో ఉండటం వల్ల ఎవరు తీసిన దృశ్యం ఎక్కడ మొదలైందో తెలియని అతుకు ఏర్పడుతుంది. నిఘా కెమెరా దృశ్యం మాత్రం పైమూల నుంచి కదలకుండా చూసే చూపు వల్ల వేరుగా నిలుస్తుంది. మనిషి చూసినదానికి, యంత్రం నమోదు చేసినదానికి మధ్య ఉన్న తేడాను అది వాదన లేకుండానే చూపుతుంది.

6. అభ్యాస నమూనా - ప్రియదర్శిని:

తెలుగు విద్యార్థి ఇటువంటి కృతిని ఎలా ఆలోచించవచ్చో ఒక ఊహాత్మక నమూనాతో పరిశీలించవచ్చు. 'మాయాబజార్' (1957)లోని ప్రియదర్శిని, తెరిచినవారికి తమకు ప్రియమైనదానిని చూపే పేటిక. శశిరేఖ అందులో అభిమన్యుణ్ణి చూస్తుంది. ఒక విద్యార్థిని ఈ ఘట్టాన్ని తీసుకొని, గల్ఫ్‌లో పనిచేసే కొడుకు వీడియో కాల్ కోసం ఫోన్ ఎదుట కూర్చున్న నాయనమ్మను చిత్రీకరించిందనుకుందాం. ఫోన్‌ను పేటిక స్థానంలో చూపి ఊరుకుంటే అది ప్రతిబింబకల్పం. పోలిక చమత్కారంగా ఉన్నా అక్కడితో ఆగిపోతుంది. కాల్ కలవని సాయంత్రాలను, బొమ్మ గడ్డకట్టి గొంతు మాత్రమే వినిపించే క్షణాలను, వారి మధ్య ఉన్న వేళల తేడాను చిత్రీకరిస్తే పాత ఘట్టం తిరిగి అర్థం చెప్పుకోవలసి వస్తుంది. కోరగానే చూపే పేటిక ఎవరి ఇంట్లో ఉంటుంది, ఎవరి ఇంట్లో ఉండదు అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న 1957 చిత్రంలో లేదు. అదే ఆ విద్యార్థిని స్వంతం.

7. చట్టపరమైన పరిధి:

భారత కాపీరైట్ చట్టం (1957) ప్రకారం చలనచిత్రంపై హక్కు, విడుదలైన సంవత్సరం ముగిసిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఈ లెక్కన 'మాయాబజార్' చలనచిత్రంపై హక్కు 2017తో ముగిసింది. అయితే సాహిత్య రచనకు లెక్క వేరు. రచయిత మరణించిన సంవత్సరం తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. పింగళి నాగేంద్రరావు 1971లో మరణించారు కనుక ఆయన మాటలకు, పాటలకు 2031 చివరి వరకు రక్షణ ఉంటుంది. అందువల్ల దృశ్యం, సంభాషణ, పాట అనే మూడింటినీ విడివిడిగా లెక్కించడం విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి పాఠం. 2010లో విడుదలైన రంగుల రూపానికి పై లెక్కను యథాతథంగా వర్తింపజేయరాదు.

హక్కు మిగిలి ఉన్న కృతుల విషయంలో సెక్షన్ 52 కొన్ని మినహాయింపులు ఇస్తుంది. పరిశోధనతో సహా వ్యక్తిగత వినియోగం, విమర్శ, సమీక్ష, వర్తమాన ఘటనల నివేదన కోసం న్యాయమైన వినియోగాన్ని అది అనుమతిస్తుంది. బోధనలో భాగంగా అధ్యాపకుడు, విద్యార్థి చేసే పునరుత్పత్తికీ అందులో చోటుంది. విద్యాసంస్థ కార్యక్రమాలలో సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవారికి మాత్రమే పరిమితమైన చిత్రప్రదర్శనకూ మినహాయింపు ఉంది. ఆ కృతినే యూట్యూబ్‌లో ఉంచినప్పుడు తరగతి గది మినహాయింపులు దానివెంట రావు. సెక్షన్ 57 ప్రకారం, తన ప్రతిష్ఠకు భంగం కలిగించేలా కృతిని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు కర్తకు, హక్కులను అమ్ముకున్న తర్వాత కూడా ఉంటుంది.

8. అనుమతి - ఉపమానం ఆగే చోటు:

సమస్యాపూరణ న్యాయం ఒకచోట చాలదు. అవధానంలో పృచ్ఛకుడు తన పాదాన్ని ఇష్టపూర్వకంగా ఇస్తాడు, పూరణ విని ఆనందిస్తాడు. పరదృశ్యంలో ఉన్న మనుషులు తమను ఎవరికీ ఇవ్వలేదు. నిఘా కెమెరా కింద పరుగెత్తిన విద్యార్థి, వార్తాచిత్రంలో ఏడ్చిన తల్లి, వేరొకరి పెళ్లి వీడియోలో వడ్డించిన మనిషి తమ బొమ్మ కళాకృతిలో చేరుతుందని ఎరుగరు. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్న సామెత ఈ సందర్భానికి తగినది. చట్టం హక్కుదారుని గురించి మాట్లాడినంతగా దృశ్యంలోని మనిషిని గురించి మాట్లాడదు. ఆ బాధ్యత కూర్పరిది.

స్వీయదృశ్యానికీ ఇది వర్తిస్తుంది. నాయనమ్మను చిత్రీకరించిన కెమెరా విద్యార్థినిదే కావచ్చు. ఫోన్ తెరలో కనిపించే కొడుకు గది, అతని తోటి కార్మికుల ముఖాలు ఆమెవి కావు. అందువల్ల ప్రతి దృశ్యానికీ ఒక నమోదు పత్రం ఉంచుకోవడం అవసరం. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఎవరి కోసం తీశారు, అందులో ఉన్నవారిలో ఎవరి అనుమతి ఉంది అనే నాలుగు అంశాలు అందులో ఉండాలి. నాల్గవ గడి ఖాళీగా మిగిలిన చోట ముఖాన్ని మరుగుపరచాలా, గొంతును మాత్రమే ఉంచాలా, దృశ్యాన్నే వదులుకోవాలా అన్నది విద్యార్థి నిర్ణయించి, దానికి కారణం రాయాలి. మూల్యాంకనంలో ఆ కారణానికి కూడా మార్కులు ఉండటం సముచితం.

9. ముగింపు:

పరదృశ్యాల శాతాన్ని లెక్కించడం వల్ల వీడియో కృతి విలువ తేలదు. పూరణ తొలగించి చూస్తే సమస్య తన పాత అర్థానికే తిరిగి వెళుతుందా అన్న పరీక్ష ఇక్కడ ఉపయోగపడుతుంది. అలా వెళితే పూరణ పనిచేసిందని, ఆ అర్థం విద్యార్థిదేనని గ్రహించవచ్చు. పూరణ ఉన్నా లేకున్నా అర్థం మారకపోతే జరిగింది అపహరణమో, అలంకరణమో అయి ఉంటుంది. దీనితో పాటు నమోదు పత్రాన్ని కూడా పరిశీలిస్తే కృతి ప్రతిభ, కృతికర్త బాధ్యత రెండూ అధ్యాపకుని ముందు ఉంటాయి. అవధానం, అలంకారశాస్త్రం బోధించే తెలుగు శాఖలకు, కెమెరా బోధించే మాధ్యమ శాఖలకు మధ్య ఈ విషయంలో సంభాషణ మొదలైతే రెండు వైపుల విద్యార్థులకూ మేలు జరుగుతుంది.