ఊపిరితిత్తి ఆపరేషన్ తరువాత పెద్దవాళ్ళ సేవ

కోయంబత్తూరు, మదురై మనవాళ్ళకు నూలు మిల్లులు కొత్త కాదు. 1930లలో పైకారా కరెంటు వచ్చాక కోయంబత్తూరు చుట్టుపక్కల మిల్లులు బాగా పెరిగాయి. వాటిని పెట్టినవాళ్ళలోనూ, వాటిలో పనిచేసినవాళ్ళలోనూ తెలుగువాళ్ళు ఎందరో. ఏళ్ళ తరబడి దూది దుమ్ము పీలిస్తే ఊపిరి గొట్టాలు దెబ్బతింటాయి. దానికి బీడీ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. అటువంటి పెద్దాయనకు డెబ్బై దాటాక ఊపిరితిత్తిలో కేన్సరు బయటపడి, డాక్టరు ఆపరేషన్ అంటే ఇంటిల్లిపాదికీ ఒకటే దిగులు: ఈ వయసులో తట్టుకుంటారా?

వయసొక్కటే అడ్డు కాదు. కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలు, ఎడమదానిలో రెండు ఉంటాయి. చాలామందికి గడ్డ ఉన్న భాగాన్ని మాత్రమే తీస్తారు. మిగిలినవి ఆ పని మోయగలవా అని ముందుగా ఊపిరి పరీక్షలు, గుండె పరీక్షలు చేసి చూస్తారు. 1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో డాక్టర్ ఎవార్ట్స్ గ్రాహం ఒక కేన్సరు రోగికి ఒకవైపు ఊపిరితిత్తిని మొత్తంగా తీసేశారు. ఆ రోగి 1963 దాకా బ్రతికాడు. సిగరెట్లు కాల్చిన ఆ డాక్టరుగారే 1957లో ఊపిరితిత్తుల కేన్సరుతో పోయారు!

ఆపరేషన్ బాగా జరిగినా మొదటి వారం కీలకం. నొప్పికి భయపడి పెద్దవాళ్ళు దగ్గరు, గట్టిగా ఊపిరి తీసుకోరు. కఫం లోపలే నిలిచి న్యుమోనియా రావచ్చు. రెండు మూడు రోజులకు గుండె లయ తప్పవచ్చు. కోసినచోట గాలి కారడం అయిదు రోజులు దాటినా ఆగకపోతే ఛాతీ గొట్టం ఇంకా ఉంచవలసి వస్తుంది. కదలక పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు. కొందరికి రాత్రిళ్ళు మతి తికమకపడి, ఎక్కడున్నదీ తెలియక గొట్టాలు లాగేస్తారు. అది మొండితనం కాదు, నర్సుకు వెంటనే చెప్పవలసిన లక్షణం.

ఇక్కడే మన ప్రేమ ఒక్కోసారి అడ్డొస్తుంది. "కదలకండి నాయనా, పడుకోండి" అంటాం. నిజానికి వాళ్ళను లేపి కూర్చోబెట్టడమే సేవ.

ఇంటివాళ్ళు గుర్తుంచుకోవలసినవి:

1. ఆపరేషన్ నిశ్చయమైన రోజే బీడీ, సిగరెట్టు మాన్పించండి. కనీసం నాలుగు వారాల ముందే మానితే మంచిది.

2. మూడు బంతుల ఊపిరి పరికరాన్ని ముందునుంచే అలవాటు చేయించండి.

3. నొప్పిని ఓర్చుకోమనకండి, మందు అడగండి. నొప్పి తగ్గితేనే దగ్గగలరు. దగ్గేటప్పుడు కుట్లమీద తలగడ అదిమి పట్టుకోమనండి.

4. డాక్టరు సరేనన్న రోజునుంచే నడిపించండి. గొట్టానికున్న సీసా ఎప్పుడూ ఛాతీకన్న కిందే ఉండాలి.

5. కళ్ళజోడు, చెవి మిషను దగ్గరుంచండి. తికమకపడినప్పుడు ఇంటి తెలుగులో, తెలిసిన గొంతుతో పేరుపెట్టి పలకరించండి. ఏ ఊళ్ళో ఉన్నారో, ఏ రోజో నెమ్మదిగా చెప్పండి.

ఇంటికి వచ్చాక జ్వరం, పెరిగే ఆయాసం, గుండెదడ, దగ్గులో రక్తం, ఒక కాలికే వాపు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.