మబ్బుల మాటున వరి: రాడార్ ఉపగ్రహాలు, పంటల బీమా

ఖరీఫ్ వరి పెరిగే కాలమే ఆకాశం మేఘావృతమయ్యే కాలం. సూర్యకాంతిపై ఆధారపడే ఉపగ్రహాలు మనకు అత్యంత అవసరమైన వారాల్లోనే తెల్లని మబ్బును చూపి ఊరుకుంటాయి. ఈ చిక్కును తీర్చినది రాడార్. 2012 ఏప్రిల్‌లో శ్రీహరికోట నుంచి ఇస్రో ప్రయోగించిన రీశాట్-1 పంపిన, ఐరోపా వారి సెంటినెల్-1 వంటివి పంపే సూక్ష్మతరంగాలు మబ్బును దాటి, రాత్రివేళ సైతం నేలను తాకి తిరిగివస్తాయి.

దమ్ము చేసి నీరు నిలిపిన మడి తరంగాలను అద్దంవలె పక్కకు మళ్లించడం వలన చిత్రంలో నల్లగా కనిపిస్తుంది; పిలకలు వేసి పైరు గుబురైన కొద్దీ తెల్లబడుతుంది. ఈ మార్పు క్రమాన్ని బట్టి నాట్ల కాలాన్ని, విస్తీర్ణాన్ని అంచనా వేస్తారు.

ఇది నేడు రైతు పరిహారంతో ముడిపడిన విషయం. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి నిర్ధారణలో సాంకేతిక అంచనాకు కనీసం 30 శాతం ప్రాధాన్యం కల్పించారు. మిగిలినది పంటకోత ప్రయోగాలది.

అయితే మన కమతాలు చిన్నవి. 10 మీటర్ల చదరపు గడులుగా చూస్తే అర ఎకరం మడికి దక్కేవి సుమారు 20. వాటిలో గట్లు, గట్ల మీది కంది, కొబ్బరి కలిసిన అంచు గడులను తీసివేస్తే నికరంగా మిగిలేవి కొన్నే. పైగా తుపానుకు పూర్తిగా మునిగిన చేను, నాట్లకు నీరు పెట్టిన మడి ఒక్క చిత్రంలో ఒకే విధంగా నల్లగా ఉంటాయి. తేదీల వరుస చూడని విశ్లేషకుడు పొరబడటం ఖాయం! అందుకే క్షేత్రంలో విస్తరణ శాస్త్రవేత్త నమోదు చేసే నాట్ల తేదీ, వరి రకం, మడి అక్షాంశ రేఖాంశాలు ఆ లెక్కకు ఆధారమవుతున్నాయి.